ఎడమచేతులు లేచిన రోజు

ఆమెని వెనకాల అందరూ ఎడమచేతమ్మ అనేవారు. నిజానికి ఆమెది ఎడమచేతివాటం కాదు. రాసేది, తినేది, తిట్టేటప్పుడు వేలు చూపించేది, అంతా కుడిచేత్తోనే. బడులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా తిరిగినన్నాళ్ళూ ఏ తరగతిలో అడుగుపెట్టినా ముందు ఎడమచేతుల కోసం వెతికింది కాబట్టి ఆ పేరు వచ్చింది. పెట్టింది పంతుళ్ళు. పంతుళ్ళు పెట్టిన పేరు కడిగినా పోదు. ఆమె శాసనసభకి ఎన్నికయ్యాక, బడుల మండలికి అధ్యక్షురాలయ్యాక కూడా ఆ పేరు ఆమె కంటే ముందే వెళ్ళి ప్రతి గదిలోనూ కూర్చుని ఉండేది.

అసలు అనుమానం ఆ ఇంట్లో వంశపారంపర్యం. తండ్రి బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. మలుపు దగ్గర గోడ చాటున నిలబడి, బస్సు ఆగీ ఆగకముందే ఎక్కి, నిద్రపోతున్నవాళ్ళని ముందు లేపేవాడు. "నిజంగా నిద్రపోయేవాడి నోరు తెరుచుకుని ఉంటుందమ్మా. దొంగనిద్ర వాడు పెదాలు బిగించుకుంటాడు" అని కూతురికి పాఠం చెప్పేవాడు. ఆ పిల్ల రోజూ చెల్లెలు నిద్రపోయాక దగ్గరికెళ్ళి నోరు చూసి వచ్చేది. "తండ్రీకూతుళ్ళిద్దరూ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం, మీ మధ్య నేనెలా బతకాలో" అని తల్లి నవ్వేది. నవ్వేదే గానీ, బజారు నుంచి తెచ్చిన సరుకుని పక్కింటి త్రాసులో వేసి మళ్ళీ తూచుకునేది ఆవిడే.

చదువు అవగానే ఆమెకి మొదటి ఉద్యోగం ఊరి చివర సున్నపు బట్టీల వెనక ఉన్న చిన్న బడిలో వచ్చింది. రెండు గదులు, ఒక వసారా. గాలి ఇటు తిరిగిందంటే బల్లల మీద, పలకల మీద, పిల్లల కనుబొమ్మల మీద సన్నటి తెల్లపొడి. అక్కడి హెడ్మాస్టరుని అందరూ గొడుగు మాస్టారు అనేవారు. ఎండైనా వానైనా ఆయన చంకలో గొడుగు ఉండాల్సిందే గానీ, దాన్ని విప్పగా చూసినవాళ్ళు తక్కువ. దాని కొనతో నల్లబల్ల మీద అక్షరాలు చూపిస్తూ పాఠం చెప్పేవారు.

ఆమె చేరిన కొత్తలోనే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. గొడుగు మాస్టారు ఆమెని పిలిచారు. "మన బడిలో ఒక పద్ధతుంది, తెలుసుకో. ప్రశ్న అడగ్గానే పిల్లలందరూ చెయ్యెత్తుతారు. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. నువ్వు కుడిచెయ్యి ఎత్తినవాళ్ళనే లేపు."

ఆమె తెల్లమొహం వేసింది. ఎందుకని అడగబోయేలోగా ఆయన గొడుగు చంకన పెట్టుకుని రెండో గదిలోకి వెళ్ళిపోయారు. ఎందుకో చెప్పాలా ఏమిటి, తెలుస్తూనే ఉంది కదా అనుకుంది.

ఇన్‌స్పెక్టరు లావుపాటి మనిషి, మాట మెత్తన. ఆమె ఏ ప్రశ్న అడిగినా తరగతి తరగతంతా చేతులు లేచాయి. ఆమె కుడిచేతుల్ని ఏరి ఏరి లేపింది. టకటకా జవాబులు వచ్చాయి. "మంచి తరగతమ్మా" అన్నాడాయన. వెళ్తూ వెళ్తూ చివరి వరసలో, ఎత్తిన ఎడమచెయ్యి దించడం మరిచిపోయిన ఒక చిన్నపిల్ల దగ్గర వంగి చెవిలో ఏదో అన్నాడు. పిల్ల సిగ్గుపడి నవ్వింది. ఆయన ఏమన్నాడో ఆమెకి వినపడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆమెకి తల కొట్టేసినట్టయింది. అంత పెద్ద ఆఫీసరు అంత సులువుగా బోల్తా పడ్డాడు. పడగొట్టింది తనే. అంటే లేచిన చెయ్యి ఏదీ నమ్మదగింది కాదన్నమాట. అనుమానం పరాయివాళ్ళని చూస్తే పుడుతుందనుకుంటాం గానీ, చాలామందికి అది అద్దంలో చూసుకున్నప్పుడు పుడుతుంది. ఆమెకి ఆ దారిలోనే పుట్టింది.

పరీక్షలు రాసి, కొన్నేళ్ళకి తనే ఇన్‌స్పెక్టరైంది. ముందు గేటు నుంచి ఒక్క బడిలోకీ వెళ్ళి ఎరగదు. సందులో దిగి, వెనక గోడ పక్కనుంచి పిల్లిలా వచ్చేది. గోడకి కొత్త సున్నం వాసన వస్తే ఏం దాస్తున్నారని అడిగేది. సున్నం వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదని అడిగేది. తరగతిలోకి వచ్చి ప్రశ్న వేసి, చేతులు లేవగానే ఎడమచేతుల్ని వరసగా లేపి నిలబెట్టేది. ఎందుకంటే గొడుగు మాస్టారి కిటుకు ఎలా పాకిందో గానీ చాలా బడులకి పాకింది. లేచిన పిల్లలు గుటకలు మింగేవారు, పంతుళ్ళు నీళ్ళు నమిలేవారు, ఆమె రిపోర్టు రాసుకునేది.

పంతుళ్ళూ తక్కువవాళ్ళు కాదు. ఆమె వస్తోందని తెలిస్తే చేతులు తారుమారు చేయించేవారు. అది పసిగట్టి ఆమె కుడిచేతుల్ని లేపేది. ఈ మార్పులతో మతిపోయిన ఒక కుర్రాడు ఒక బడిలో రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. "ఏమిట్రా ఇది?" అంటే "మీరు ఎటు అడుగుతారో మా మాస్టారికి కూడా తెలియదటండీ" అన్నాడు. ఊరూరా ఆ కబురు చెప్పుకుని పడీ పడీ నవ్వారు. ఆమె మాత్రం ఆ మాస్టారి మీద రెండు పేజీలు రాసింది. ఒక్క సున్నపు బట్టీల బడిని మాత్రం ఆమె ఎప్పుడూ తనిఖీ చెయ్యలేదు. తన వంతు వచ్చినప్పుడల్లా ఏదో వంక చెప్పి ఇంకొకరిని పంపేది. గొడుగు మాస్టారిని పట్టుకుంటే తనని తాను పట్టుకున్నట్టే అవుతుంది మరి.

పెళ్ళి కూడా అనుమానంతోనే అయింది. చెప్పిన రోజుకి బట్టలు కుట్టి ఇచ్చే దర్జీని ఆమె అంతవరకూ చూడలేదు. ఒకాయన ఇచ్చాడు. ఇంటికి తీసుకెళ్ళి గుడ్డ మార్చాడేమోనని లోపలి అంచు తిరగేసి చూసింది, కుట్లు లాగి చూసింది. ఏ లోపమూ దొరకలేదు. లోపం దొరకని మనిషిని కళ్ళెదుటే ఉంచుకోవడం మంచిదని తనని పెళ్ళి చేసుకుందని ఆ దర్జీ అందరితో చెప్పుకుని నవ్వుతాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. బడి పిల్లలే ఆమె పిల్లలని సన్మానాల్లో చెప్పేవారు. ఆమె అలా ఏనాడూ అనుకోలేదు. పిల్లల్ని కూడా ఒక కంట కనిపెడుతూనే ఉండేది.

ఆ కన్నే ఒకసారి ఒక బడిని కాపాడింది. ఊరి మధ్య పెద్ద బడిలో పైకప్పుకి ఒకచోట మాత్రమే రంగు వేసి ఉంది. అక్కడే ఎందుకు వేశారని పొడుగు కర్రతో పొడిస్తే పెచ్చు ఊడి పడింది. పైవాళ్ళకి చెప్పింది, వినలేదు. పిల్లలందర్నీ తీసుకొచ్చి రోడ్డు మీద కూర్చోబెట్టి అక్కడే పాఠాలు చెప్పించింది. బస్సులు ఆగిపోయాయి, పైవాళ్ళు నిప్పులు చెరిగారు. ఇంతలో వాన పట్టుకుని ఆ కప్పు కాస్తా కూలింది. కింద ఒక్క పిల్ల లేదు. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఊరు ఆమెని బలవంతంగా నిలబెట్టి గెలిపించింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మనిషిని ఒకసారి గెలిపించిన గుణం ఇంక ఆ మనిషిని వదలదు. ప్రచారంలో జనం చప్పట్లు కొడుతుంటే "వీళ్ళని ఎవరు తెచ్చారు?" అని అడిగేది. "వాళ్ళంతట వాళ్ళే వచ్చారండీ" అంటే ఇంకా కంగారుపడేది.

సభలో ఆమె పక్క కుర్చీ గడియారాల పెద్దాయనది. గడియారాలు బాగుచేసి బాగుచేసి, భూతద్దం పెట్టుకునే కన్ను ఒకటి ఎప్పుడూ సగం మూసే ఉండేది. ఆమె మొదట్లో ఆయన అవతలి పక్షానికి కన్నుగీటుతున్నాడనుకుంది. ఆ అనుమానం తీరడానికి ఒక ఏడాది పట్టింది. ఆయన మాత్రం మొదటిరోజు నుంచే "చెల్లెమ్మా" అని పిలిచాడు. ఆమె కూడా కొన్నాళ్ళకి "అన్నయ్యా" అంది, అన్న తర్వాత తొందరపడ్డానేమో అనుకుంది.

రెండోసారి గెలిచాక బడుల మండలి అధ్యక్ష పదవి ఆమెకి వచ్చింది. అధికారంలో ఉన్నది అవతలి పక్షం. అయినా రెండు పక్షాలూ కలిసి ఆమెనే ఎన్నుకున్నాయి. ఇంత సులువుగా ఎందుకిచ్చారా అని ఆమె వారం రోజులు ఆలోచించింది. మండలి ఆఫీసులో మొదట చేసిన పని బల్లని గోడవైపుకి జరిపించడం. వీపు వెనక ఎవరూ నిలబడకూడదు, తలుపూ కిటికీ రెండూ కనపడాలి. టీ తెచ్చే ముసలాయన రోజూ దారి మారిన ఆ గదిలో కుర్చీకి తట్టుకుని గొణుక్కునేవాడు.

ఆ ఏడే ప్రభుత్వం పిల్లలు తక్కువున్న బడుల్ని మూసేసి పెద్ద బడుల్లో కలిపెయ్యాలని నిర్ణయించింది. మూసే బడుల్లో సున్నపు బట్టీల బడి ఒకటి. అక్కడి తల్లులు కొందరు మండలి ఆఫీసుకి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు, కుర్చీలకి సున్నం అంటుతుందని. నేల మీద వాళ్ళ అడుగులు తెల్లగా పడ్డాయి.

"పెద్ద బడి మంచిదేనమ్మా" అంది వాళ్ళలో ఒకామె. "మా పిల్లలు అక్కడిదాకా చేరాలి కదా. మధ్యలో లారీల రోడ్డుంది. మేం బట్టీలో దిగాక పిల్లల్ని దాటించేదెవరు? పెద్దవాళ్ళు ఎలాగో వెళ్తారు. చిన్నవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు."

"మీరు నిజంగా తల్లులేనా, ఎవరైనా పంపారా?" అని అడగబోయి ఆమె ఆ అడుగుల్ని చూసి ఆగిపోయింది. "మీ బడి మూయనివ్వను" అంది. ఎవరికీ మాటివ్వని మనిషి ఆరోజు మాటిచ్చింది. వాళ్ళు వెళ్ళాక ఆ మాట తనే అన్నదా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

తల్లులు ఒప్పుకోనిదే ఏ బడీ మూయకూడదని బిల్లు తయారుచేసి సభ ముందు పెట్టింది. ఆమె పక్షంవాళ్ళు అందరూ ఓటేసినా కొద్దిలో తగ్గుతారు. గడియారాల పెద్దాయన ఆమెని కాంటీన్లో ఒక మూలకి తీసుకెళ్ళి నిదానంగా చెప్పాడు.

"చేతులెత్తే ఓటింగైతే గట్టెక్కుతాం చెల్లెమ్మా. చిన్న బడులున్న ఊళ్ళవాళ్ళు అటువైపు కూడా ఉన్నారు. చెయ్యెత్తితే గుంపులో కలిసిపోతుంది. గుమాస్తా చేతులు లెక్కపెడతాడు గానీ మొహాలు రాసుకోడు. అదే పేరుపేరునా పిలిచారనుకో, వాళ్ళ నాయకుడి ముందు లేచి అవునని చెప్పే ధైర్యం ఎవడికుంది?"

"ఆ నాయకుడు వెనక్కి తిరిగి చూస్తే?"

"ముందు వరసలో కూర్చుంటాడు. పైగా మెడనొప్పి. తిరగడు."

"పేర్లు పిలవమని వాళ్ళే అడిగితే?"

"ఎందుకడుగుతారు, గెలుపు వాళ్ళదే అనుకుంటున్నారుగా. ఏ ఒక్కరు అడిగినా స్పీకరు పిలిపించి తీరాలి, అది నిజమే. వాళ్ళు అడగరు. మనం నోరు మూసుకుని కూర్చుంటే చాలు."

ఓటింగు దగ్గరపడుతున్నకొద్దీ ఆమెకి తన పక్షంవాళ్ళ తీరే తేడాగా కనపడసాగింది. ఆమె కాంటీన్లోకి వస్తే నవ్వులు ఆగిపోయేవి. పొడుగు వరండాలో ఒకరోజు గడియారాల పెద్దాయన ఇద్దరు కుర్ర సభ్యులతో చెవులు కొరుక్కుంటూ, ఎడమచెయ్యి సగం పైకెత్తి ఏదో చూపిస్తున్నాడు. ఆమెని చూడగానే ఆ చేత్తో బుర్ర గోక్కున్నాడు. ఆ కుర్రాళ్ళు గోడ మీదున్న పాత నాయకుల ఫోటోల్ని అంతకుముందెప్పుడూ చూడనట్టు చూడసాగారు.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కుట్టు గదిలో రెండు టీ కప్పులున్నాయి.

"ఎవరొచ్చారండీ?" అంది.

"ఎవరూ... ఒకాయన చొక్కా కొలతలకి వచ్చాడులే" అన్నాడు భర్త, మిషన్ మీంచి తల ఎత్తకుండా.

కొలతలకి వచ్చినవాళ్ళకి టీ ఇచ్చే అలవాటు ఆయనకి లేదు. టేపు చూస్తే మేకుకి చుట్టినట్టే ఉంది. ఆమె ఇంకో మాట అడగకుండా గదంతా కలియజూసింది. కిటికీ పక్కన గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. అది ఎన్నేళ్ళనుంచో ఆగిపోయి ఉన్న గడియారం. బయటివాళ్ళని అనుమానించడం ఆమెకి ఊపిరి పీల్చినంత మామూలు. ఈ మనిషిని మాత్రం పెళ్ళైన కొత్తలోనే, ఇంక చాల్లే అని, అనుమానించడం మానేసింది. ఇప్పుడు ఆ మానెయ్యడమే తప్పైందా అనిపించి, ఆ పూట ఆమె అన్నం కెలికి లేచిపోయింది.

అడిగితే పోయేది. కానీ అడిగితే అబద్ధం చెబుతారు, హుషారవుతారు, ఇంకో దారి వెతుక్కుంటారు. ఆమెది ముందు పట్టుకుని తర్వాత అడిగే పద్ధతి. తనని అమ్మేశారని ఆమెకి దాదాపు నమ్మకం కుదిరింది. ఎవరికి, ఎందుకు అన్నదే తేలాలి.

ఓటింగు రోజు సభ నిండుగా ఉంది. పైన ఫ్యాన్లు కిరకిరలాడుతున్నాయి. పై గ్యాలరీలో సున్నపు బట్టీల తల్లులు ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుని కూర్చున్నారు. స్పీకరు గొంతు సవరించుకుని "బిల్లుకి అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నాడు.

ఆమె కుడిచెయ్యి ఎత్తింది. వెనక బట్టలు రాసుకున్న చప్పుడు. తిరిగి చూసింది.

తన పక్షం వరసల్లో చేతులన్నీ లేచాయి. అన్నీ ఎడమచేతులే. ఒకటి కాదు, రెండు కాదు, ఒక్కరు మిగలకుండా, అందరూ ఎడమచెయ్యే ఎత్తి, ఆమె మొహంలోకే చూస్తున్నారు. కొందరి పెదాల చివర నవ్వు. పక్కన గడియారాల పెద్దాయనది కూడా ఎడమచెయ్యే.

ఇన్నేళ్ళూ ఆమె వెతికింది ఇదే కదా. ఎత్తినట్టు కనపడాలి, నిజానికి ఎత్తకూడదు. రేపు ఎవరో ఒకరు లేచి ఎడమచెయ్యి ఓటు చెల్లదంటారు. నియమాల్లో ఎక్కడో కుడిచెయ్యి అని ఉండే ఉంటుంది. వరండాలో గుసగుసలు, కాంటీన్లో నవ్వులు, తిరుగుతున్న గడియారం, అన్నీ ఒక్కసారిగా అతికినట్టు సరిపోయాయి. గుమాస్తా అప్పటికే వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. అవతలి వరసల వైపు ఆమె చూడనేలేదు.

లేచి నిలబడింది. "అధ్యక్షా, పేర్లు పిలిపించండి."

గడియారాల పెద్దాయన చెయ్యి దిగిపోయింది. ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాడు. "కూర్చో చెల్లెమ్మా. కూర్చో. నీకు దండం పెడతాను."

ఆమె విదిలించుకుంది. "ఒక్కొక్కరూ లేచి నోటితో చెప్పాలి. నేను చూడాలి" అంది, సభంతా వినపడేలా.

అప్పుడు గానీ ఆమె అటువైపు చూడలేదు. అవతలి వరసల్లో వెనకాల, అక్కడక్కడా, లేచిన చేతులు దిగుతున్నాయి. ఒక బట్టతలాయన తన చేతిని ఒళ్ళో దాచుకుని దాని మీద రెండో చెయ్యి పెట్టుకున్నాడు. మెడ తిప్పలేని నాయకుడు ఏకంగా కుర్చీనే వెనక్కి తిప్పుకుని కూర్చున్నాడు.

పేర్లు పిలిచారు. ఆమె పక్షంవాళ్ళు ఒక్కొక్కరే లేచి "అవును" అన్నారు. ఒక్కరు తప్పలేదు. అటువైపు పిలిచినప్పుడు బట్టతలాయన నేల చూస్తూ "కాదు" అన్నాడు. ఆయన తర్వాతివాళ్ళూ అంతే. బిల్లు కొద్దిలో ఓడిపోయింది. పై గ్యాలరీలో తల్లులకి ఏం జరిగిందో వెంటనే అర్థం కాలేదు. పక్కవాళ్ళని అడిగి తెలుసుకుంటున్నారు.

వరండాలో ఆమె గడియారాల పెద్దాయనని పట్టుకుంది. "అందరూ అనుకునే ఎత్తారు కదా అన్నయ్యా. ఎందుకెత్తారు ఎడమచేతులు?"

ఆయన సగం మూసిన కన్ను పూర్తిగా మూసుకుని తెరిచాడు.

"మాలో సగం మందికి బడుల సంగతి ఏం తెలుసు చెల్లెమ్మా? ఆ బిల్లు చదివినా మాకు బుర్రకెక్కలేదు. నువ్వు మంచిదన్నావు, మంచిదే అనుకున్నాం. తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి, అదేగా నీ కథ, సభలో ఎవరికి తెలియదు? మాకు తెలియకపోయినా నీ మీద నమ్మకంతో ఎత్తుతున్నాం అని చెప్పాలనిపించింది. నేనే అందరికీ చెప్పాను. నువ్వు వెనక్కి తిరిగి చూసి నవ్వుతావనుకున్నాం. నువ్వు నవ్వగా మేమెవ్వరం చూడలేదు కదా, అందుకని."

ఆయన కర్చీఫుతో మొహం తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

ఇంట్లో భర్త దీపం దగ్గరికి లాక్కుని ఎవరిదో కోటుకి బొత్తాలు కుడుతున్నాడు. రేడియోలో అంతా విన్నాడు.

"మీకు తెలుసా?" అంది.

"తెలుసు. ఆయన ఆరోజు వచ్చింది అందుకే. మీ ఆవిడకి కోపమొస్తుందా, నచ్చుతుందా అని అడిగాడు. నచ్చుతుందన్నాను." దారం పళ్ళతో కొరికాడు. "పనిలో పని, ఆ గడియారం కూడా బాగుచేసి వెళ్ళాడు."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదండీ."

ఆయన సూది ఆపి ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, కొలత తీసుకునేటప్పుడు చూసే చూపు అది. "చెబితే నమ్మేదానివా?" అన్నాడు.

ఆమె కుట్టు మిషన్ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, గోడ గడియారం నడుస్తుంటే వింటూ ఏడ్చింది. ఆయన బొత్తాలు కుట్టడం పూర్తిచేసి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

సున్నపు బట్టీల బడి చివరి రోజున ఆమె వెళ్ళింది. ఎవరూ పిలవలేదు. ఇన్‌స్పెక్టరైనప్పట్నుంచీ మొదటిసారి ఒక బడికి ముందు గేటు నుంచి వెళ్ళింది. వసారాలో బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గోడకి ఆనించిన గొడుగు పక్కన, బాగా వడలిపోయిన గొడుగు మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఉద్యోగం మానేసి ఎన్నో ఏళ్ళయినా బడి పక్కనే ఉంటున్నారు. ఆయన ఆమెని గుర్తుపట్టి పక్క బెంచీ చూపించారు.

"బాగా పైకొచ్చావు. ఇటు మాత్రం ఒక్కసారైనా రాలేదు. వస్తే ఒకమాట చెబుదామనుకునేవాణ్ణి."

"మిమ్మల్ని పట్టుకోవాల్సొస్తుందని రాలేదు మాస్టారూ."

"నన్నా? ఎందుకు?" నిజంగానే ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మెల్లగా తలాడించారు. "అదా. ఇన్‌స్పెక్టర్ని మోసం చెయ్యడానికనుకున్నావా అది? జవాబు రాని పిల్లాడు చెయ్యెత్తకుండా కూర్చుంటే తల దించుకుంటాడమ్మా. రోజూ దించుకున్నాక ఇంక బడికే రాడు. వాడి చేతికీ ఏదో ఒక పని ఉండాలని పెట్టాను. ఎడమచెయ్యంటే నాకింకా రాలేదు, నేనూ ఇక్కడే ఉన్నాను అని. ఎవరెవరు ఎడమచెయ్యి ఎత్తారో చూసుకుని, సాయంత్రం వాళ్ళని కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి."

"మరి ఆ ఇన్‌స్పెక్టరు?"

"ఆయనకి తెలియకేం. వెళ్తూ వెళ్తూ ఒక చిన్నపిల్ల చెవిలో ఏమన్నాడనుకున్నావు? వచ్చేసారి చెయ్యి మార్చుకుందువులే అన్నాడు. అప్పట్నుంచి మా బడిలో అదే మాట."

"మిగతా బడులవాళ్ళు మోసానికే వాడారు మాస్టారూ. నేను కళ్ళారా చూశాను" అంది ఆమె.

"వాడే ఉంటారు. నువ్వు పట్టుకున్నవాళ్ళు దొంగలే అయ్యుంటారు. కానీ నువ్వు లేపి నిలబెట్టింది పంతుళ్ళని కాదు కదమ్మా, పిల్లల్ని."

లోపల గదిలో టీచరమ్మ పిల్లలకి కొత్త బడి గురించి చెబుతోంది. ఆమె వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. కొత్త బడికి దారి ఎవరికి తెలుసని టీచరమ్మ అడిగితే చేతులన్నీ లేచాయి. కొన్ని కుడివి, ఎక్కువ ఎడమవి. వేళ్ళ సందుల్లో సున్నం. ఆమె ఆ ఎడమచేతుల్ని ఒక్కొక్కటిగా చూస్తూ ఉండిపోయింది. అవి ఎత్తినవాళ్ళలో సగం మంది రేపు లారీల రోడ్డుకి ఇటువైపే ఆగిపోతారు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

పక్కనున్న చిన్నపిల్ల ఆమె మోచెయ్యి తట్టింది. "మీరు పెద్ద ఆఫీసరంట కదా. మా బడి మళ్ళీ ఎప్పుడు తెరుస్తారండీ?"

ఆమె ఎడమచెయ్యి పైకెత్తింది.

ఆ పిల్ల ఆ చేతిని చూసింది, ఆశ్చర్యపోలేదు. తన చెయ్యి ఎన్నిసార్లు అలా లేచిందో దానికి గుర్తే మరి. ఆమె దగ్గరికి జరిగి, వేరేవాళ్ళకి వినపడకుండా, "వచ్చేసారి మార్చుకుందురులెండి" అంది.